చెలియలికట్ట మీద ఈతకొలను

తెలుగులో యాత్రారచన పేరిట ఈ మధ్య వస్తున్న వాటిలో ఒక మూస బాగా స్థిరపడిపోయింది. మధ్యాహ్నం రెండు గంటలకు సముద్రపుటొడ్డున ఉన్న ఒక విడిదికి చేరుకోవడం, గుమ్మంలో చల్లని కొబ్బరినీళ్ళు పుచ్చుకోవడం. తలుపు తీస్తే తెల్లటి గోడలు, గాజు అద్దాలు, అద్దాల కవతల తమకొక్కరికే చెందిన నీలిరంగు ఈతకొలను. సాయంకాలం ఆ కొలనులో మెడదాకా మునిగి, కడలిలోకి దిగిపోతున్న సూర్యుణ్ణి చూసి పరవశించడం (మన తూర్పు తీరాన సూర్యుడు సముద్రంలోంచి పుడతాడే తప్ప సముద్రంలో అస్తమించడన్న చిన్న సంగతి ఈ పరవశులలో కొందరికి పట్టదు). రాత్రి దీపాల వరుసల నడుమ భోజనం. తెల్లవారి నీటి మీద తేలే పళ్ళెంలో ఇడ్లీ, ఫలహారాలు. పదకొండింటికి గది ఖాళీ. చిట్టచివర, సముద్రంతో ఏకాంతంగా ఒక రాత్రి గడిపి మనసు కడుక్కుని వచ్చామన్న అర్థం వచ్చే వాక్యమొకటి.

దీన్నే 'పూల్ విల్లా' విహారం అంటున్నారు. ఈ విహారం మీదా, అంతకంటె ముఖ్యంగా దాన్ని మెచ్చుకుంటూ మనవాళ్ళు రాస్తున్న రాతల మీదా నాకు గట్టి అభ్యంతరాలున్నాయి. మొహమాటం లేకుండా చెబుతాను. నచ్చనివారు నాతో వాదించవచ్చు. నేనూ కోరుకునేది అదే.

ముందుగా ఒక మాట. విశ్రాంతి మీద నాకు విరోధం లేదు. రాత్రింబగళ్ళు కంప్యూటరు తెరకు కళ్ళప్పగించి బతికేవాడికి ఒక్క రాత్రి అలల చప్పుడు వింటూ పడుకోవాలనిపించడం సహజం, న్యాయం కూడా. నా తగవంతా ఆ విశ్రాంతిని ఎక్కడ, ఎవరిని తప్పించి, ఎవరి నీళ్ళతో కట్టుకుంటున్నారన్న దాని గురించే.

* * *

మన భాషలో 'చెలియలికట్ట' అని ఒక అందమైన మాట ఉంది. సముద్రపు గట్టు, అంటే సంస్కృతంలో 'వేల' అనే దానికి ఇది తెలుగు పేరు. కడలి ఎంత పొంగినా దాటని హద్దు అని దాని భావం. విశ్వనాథ సత్యనారాయణగారు తమ నవల ఒకదానికి ఈ పేరు పెట్టినది మనుషుల నడవడిలోని హద్దును ఉద్దేశించి. ఆ హద్దు సంగతి ఇక్కడ మనకు అవసరం లేదు. నాకు కావలసింది మాటలోని మొదటి అర్థమే. హద్దు అన్నాక దానికి రెండు పక్కలుంటాయి. సముద్రం ఇటు రాకూడదు నిజమే, మనమూ అటు పోకూడదు. మాఘ పూర్ణిమకూ, కార్తిక పూర్ణిమకూ సూర్యలంకకో, వశిష్ఠ గోదావరి కడలిలో కలిసే అంతర్వేదికో వెళ్ళి వేలమంది స్నానాలు చేసి, తడిబట్టలతో తిరిగివచ్చేస్తారు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనేవారు. ఆ నియమంలో ఎంత శాస్త్రముందో నాకక్కరలేదు గాని అందులోని మర్యాద నాకు తెలుస్తుంది. సముద్రం దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టి రావాలి, దాని మీద ఇల్లు కట్టకూడదు.

ఇక 'విల్లా' అన్నది లాటిన్ మాట. రోమన్ శ్రీమంతుల పల్లెపట్టు భవంతికి ఆ పేరు. క్రీ.శ. ఒకటి, రెండు శతాబ్దాల మధ్య బతికిన చిన్న ప్లినీ అనే రోమన్ పెద్దమనిషి లారెంటం దగ్గర సముద్రతీరాన తనకున్న విల్లాను స్నేహితుడికి రాసిన ఉత్తరంలో గది గదినీ వర్ణించాడు. అందులో వెచ్చని నీళ్ళ కొలను ఒకటుందనీ, ఈదుతూనే సముద్రాన్ని చూడవచ్చుననీ మురిసిపోయాడు. కాబట్టి ఈ వేడుక కొత్తదేమీ కాదు, పందొమ్మిది వందల ఏళ్ళ నాటిది. అయితే ఆ రోమన్ల నుంచే మనకు మరొక మాట కూడా వచ్చింది. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన న్యాయగ్రంథం గాలి, పారే నీరు, సముద్రం, దాన్నిబట్టి సముద్రతీరం ప్రకృతి ధర్మం చేత అందరివీ అని చెప్పింది. విల్లాను తెచ్చుకున్నవాళ్ళం ఆ రెండో మాటను మాత్రం సామానులో సర్దుకోవడం మరిచాం.

నిజానికి మన న్యాయస్థానాలు మరవలేదు. మనాలి దగ్గర బియాస్ నది ప్రవాహాన్ని తన విడిది కోసం మళ్ళించిన ఒక సంస్థ వ్యాజ్యంలో 1996 డిసెంబరులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఇదే రోమన్ సూత్రాన్ని మన చట్టంలో భాగమని ప్రకటించింది. సముద్రతీరం, పారే నీరు, గాలి, అడవులు ప్రజలవి. ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే. ధర్మకర్త దేవుడి మాన్యాన్ని అమ్ముకోకూడదని మన పల్లెల్లో పసివాడికి కూడా తెలుసు.

* * *

సముద్రం పక్కన ఈతకొలను ఎందుకు? ప్రశ్న పిచ్చిదిగా కనబడుతుంది గాని అడగవలసిందే.

ఈ కొలనుల్లో గొప్పగా చెప్పుకునేది 'ఇన్ఫినిటీ' అంచు కొలను. అంటే అనంతపు అంచు అన్నమాట. కొలనుకు సముద్రం వైపున్న గోడను నీటిమట్టానికి సమానంగా కట్టి, నీళ్ళు ఆ గోడ మీదుగా పొర్లి కింది తొట్టెలో పడేట్టు చేస్తారు. పంపు ఆ నీటిని మళ్ళీ పైకి తోస్తుంది. లోపల నిలబడినవాడికి గోడ కనబడదు. కొలను నీలం, కడలి నీలం ఒక్కటైపోయినట్టుంటుంది. మంచి కనికట్టే. ఆ కనికట్టులో ఏది మాయమవుతున్నదో గమనించారా? కొలనుకూ కడలికీ మధ్య ఉన్నదంతా మాయమవుతుంది. ఇసుక, ఇసుక మీద పడవ, పడవ పక్కన ఆరేసిన వల, వల దగ్గర కూర్చుని తెగిన కళ్ళు అల్లుకుంటున్న మనిషి, ఆ మనిషి ఊరు. ఈ అనంతంలో వాళ్ళెవరికీ చోటు లేదు. ఒక నిర్మాణ శైలిలోనే ఇంత స్పష్టంగా ఒక సామాజిక దృష్టి వెల్లడి కావడం నేనెక్కడా చూడలేదు.

నేను దూరాన ఉండి ఊహించి రాస్తున్నానని అనుకోకండి. పోయిన మాఘంలో మా బంధువుల పెళ్ళిరోజు వేడుకకని ఉత్తరాంధ్ర తీరంలో అటువంటి విడిదిలో ఒక రాత్రి గడిపాను. పేరు అనవసరం, ఏ విడిది అయినా ఇంచుమించు అదే. తెల్లవారుజామున గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నెత్తిన ఖాళీ గంపలతో నిలబడి ఉన్నారు. ఒడ్డుకు వల వచ్చే వేళ. కాపలా మనిషి వాళ్ళను ఆపుతున్నాడు. "అప్పా, ఇటు కాదు. గెడ్డ కాడికెళ్ళి తిరిగి పోండి. సారోళ్ళు పడుకున్నారు" అన్నాడు. అందులో పెద్దామె, "మన దారే గదరా తమ్ముడూ, కొత్తగా తిరిగి పోడమేటి?" అంది. అని, ఇంకేమీ అనకుండా తిరిగి వెళ్ళిపోయింది. నేను దగ్గరికి వెళితే అతను సిగ్గుపడుతున్నట్టుగా, "మా చిన్నాన్న కూతురే బాబూ. ఏటి సేస్తాం, పని అదే" అన్నాడు.

ఎవరి ప్రశాంతతకోసం ఆ గంపలు గెడ్డ చుట్టూ తిరిగి పోయాయో, ఆ 'సారోళ్ళ'లో నేనూ ఒకణ్ణి. ఏకాంతమనే సరుకు ఎలా తయారవుతుందో చెప్పడానికే ఈ సంగతి రాశాను. మనుషులున్న చోట ఏకాంతం దానంతటది పుట్టదు. ఎవరినో ఒకరిని తప్పిస్తేనే పుడుతుంది.

* * *

ఇప్పుడు నీళ్ళ లెక్క చూద్దాం. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు గల ఒక చిన్న కొలను తీసుకోండి. సుమారు 45 వేల లీటర్లు పడుతుంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెటూళ్ళలో మనిషికి రోజుకు ఇవ్వాలని పెట్టుకున్న కొలమానం 55 లీటర్లు. అంటే ఒక కొలను నిండా ఉన్న నీరు 800 మందికి పైగా ఒక రోజు బతుకు. కొలను నీళ్ళు రోజూ పారబోయరు గదా, వడకట్టి మళ్ళీ వాడతారు గదా అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కాని ఎండకూ గాలికీ రోజుకు అయిదు మిల్లీమీటర్ల నీరు ఆవిరైనా ఆ కొలను నుంచి 160 లీటర్లు పోతాయి. ఎవరూ దిగకపోయినా, ఎవరూ చూడకపోయినా, ముగ్గురు మనుషుల వాటా గాలిలో కలుస్తుంది. వడపోత యంత్రాన్ని కడగడానికయ్యేది వేరే. ఇలాంటి విల్లాలు ఇరవై ఉన్న చోట అరవైమంది మనుషుల నీళ్ళు ఏ పనికీ రాకుండా పోతున్నట్టు.

సరే, ఆ నీళ్ళు ఎక్కడివి? తీరంలో నేల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, తనకంటె బరువైన ఉప్పునీటి మీద ఒక కటకంలాగా నిలుస్తుంది. ప్లినీ కూడా తన ఉత్తరంలో తమ తీరంలో ఎక్కడ తవ్వినా నీళ్ళు పడతాయనీ, సముద్రం అంత దగ్గరున్నా ఆ నీరు ఏమాత్రం ఉప్పన కాదనీ ఆశ్చర్యపోయాడు. దీని వెనకనున్న సూత్రాన్ని ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరించారు. సముద్రమట్టం కంటె పైన ఒక మీటరు మంచినీరు ఉంటే దాని అడుగున దాదాపు నలభై మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. తిరగేసి చదవండి: బోరు వేసి పైమట్టాన్ని ఒక్క మీటరు దించితే, కింది నుంచి ఉప్పునీరు కాలక్రమేణా నలభై మీటర్లు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పు తగిలిన బావి మళ్ళీ తియ్యబడటానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. విడిదివారు అప్పుడు ట్యాంకరు తెప్పించుకుంటారు. పక్క పల్లెలోని బావికి ట్యాంకరు రాదు.

ఈ ప్రమాదం ప్రభుత్వానికి తెలియక కాదు. తీరప్రాంత నియంత్రణ ప్రకటనలో విహార విడుదుల కోసం పెట్టిన మార్గదర్శకాలలోనే పోటురేఖకు 200 మీటర్లలోపు భూగర్భజలం తోడకూడదని ఉంది. 200 నుంచి 500 మీటర్ల మధ్యనైతే భూగర్భజల మండలి అనుమతి కావాలి.

* * *

ఆ ప్రకటనల కథ కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మన హద్దు ఎలా కరిగిపోతూ వచ్చిందో అందులో కనబడుతుంది. 1981 నవంబరులో నాటి ప్రధాని ఇందిరాగాంధీ తీరప్రాంత రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఉత్తరం రాస్తూ, పోటు వచ్చినప్పుడు నీరు చేరే గరిష్ఠరేఖ నుంచి 500 మీటర్ల మేర ఏ కట్టడాలూ లేకుండా చూడమన్నారు. పదేళ్ళకు, 1991 ఫిబ్రవరిలో, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద మొదటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన వచ్చింది. 500 మీటర్లు నియంత్రణ మండలమైంది. పల్లెటూరి తీరాల్లో మొదటి 200 మీటర్లు కట్టడాలు నిషిద్ధం. 2011లో కొత్త ప్రకటన, 2019 జనవరిలో మరొకటి. ఈ చివరిదాని ప్రకారం జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన పల్లె తీరాల్లో నిషిద్ధ మండలం 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గవచ్చు. 500తో మొదలైన కోరిక 50 దగ్గర ఆగింది.

మార్గదర్శకాల్లో మరో ముచ్చట. పోటురేఖ నుంచి 500 మీటర్లలోపు ఇసుక తియ్యకూడదు, చదును చెయ్యకూడదు, తవ్వకూడదు అని రాస్తూ, రెండిటికి మినహాయింపు ఇచ్చారు. ఒకటి కట్టడపు పునాది. రెండోది... ఈతకొలను! సముద్రాన్ని కాపాడటానికి రాసిన కాగితం మీద సముద్రం పక్కన ఈతకొలనుకు పేరుపెట్టి మరీ చోటు కేటాయించారు. ఈ దేశంలో ఈతకొలనుకున్న పలుకుబడి వలకు లేదు సుమా.

అదే మార్గదర్శకాల్లో మంచి నియమాలు కూడా ఉన్నాయి. ఇసుక దిబ్బలను చదును చెయ్యరాదు. కంచె ప్రజలను తీరానికి పోనివ్వకుండా అడ్డుకోరాదు. రెండు విడుదుల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పున ప్రజలకు దారి వదలాలి. మన తీరంలోని విడుదుల పక్కన ఈ ఇరవై మీటర్ల దారి ఎక్కడుందో వెతకండి. నేను రాత్రి గడిపిన చోట వెతికాను. ఒక పక్కన పూలమొక్కలు, రెండో పక్కన వాహనాలు నిలిపే చోటు కనబడ్డాయి.

ఈ దారి హక్కు కాగితాల మీది మాట కాదు. గోవాలో దోనాపౌలా సమీపంలోని వైంగ్విణి తీరానికి జనం నడిచే దారిని ఒక విలాస హోటలు విస్తరణ కట్టడం మూసేస్తే, స్థానికులు ఏళ్ళ తరబడి పోరాడారు. 2009 జనవరిలో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పి, అడ్డొచ్చిన కట్టడాన్ని తొలగించమంది. కేరళలో వెంబనాడ్ కాయలు మధ్య నెడియతురుత్తు దీవి మీద 54 విల్లాలతో కట్టిన విడిది తీర నియమాలకు విరుద్ధమని 2013లో ఆ రాష్ట్ర హైకోర్టు తేల్చింది. 2020 జనవరి 10న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2022 సెప్టెంబరులో కూల్చివేత మొదలైంది. ఆ వ్యాజ్యం వేసినవాళ్ళలో అక్కడి బెస్తలున్నారు. వలల స్థానం పోయిందని మొదట అరిచింది వాళ్ళే. పర్యావరణం అన్న పెద్దమాట ఆ తర్వాత వచ్చింది.

మన రాష్ట్రం మాటేమిటంటారా? విశాఖలో ఋషికొండ మీది ప్రభుత్వ పర్యాటక విడిదిని 2021లో కూల్చి, కొండను తొలిచి, దాని స్థానంలో భారీ భవనాలు లేపారు. హరిత ట్రిబ్యునలు, హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా ఆ తగవు నడిచింది. 2024లో ప్రభుత్వం మారాక లోపలి వైభోగాన్ని జనమంతా టీవీల్లో చూశారు. అందరూ స్నానపు తొట్టెల ఖరీదు మీద వాదించుకున్నారు. తొలిచిన కొండ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. పార్టీల సంగతి నాకొద్దు. ధర్మకర్తే మాన్యంలో మేడ కడితే పూజారిని ఏమనగలం?

* * *

తీరం అంటే ఖాళీ జాగా అన్న అపోహ మీదే ఈ వ్యాపారమంతా నిలబడి ఉంది. ఒక్క అలివి వలను తీసుకోండి. పడవ మీద వలను అర్ధచంద్రాకారంగా సముద్రంలో విడిచి, రెండు కొసల తాళ్ళనూ ఒడ్డు మీద నుంచి పదులమంది లాగుతారు. లాగుతున్నకొద్దీ రెండు జట్లూ ఒకదానికొకటి దగ్గరగా జరుగుతూ వస్తాయి. ఆ వేటకు కొన్ని వందల మీటర్ల అడ్డులేని ఒడ్డు కావాలి. మధ్యలో ఒక గోడ, ఒక రాళ్ళకట్ట వచ్చిందా, వల చచ్చిపోయినట్టే. మోటారు బోటు కొనలేని పేదవాడి వేట అది. చేపలు ఆరబెట్టడానికి ఇసుక కావాలి, పడవను తుపాను వేళ పైకి లాగి పెట్టడానికి దిబ్బ కావాలి. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధిస్తారు. సముద్రపు మేలుకోసం జాలరి రెండు నెలలు పనిమానుకుంటాడు. సరిగ్గా ఆ వేసవి సెలవుల్లోనే విల్లాల గదులు నిండిపోతాయి. సముద్రానికి సెలవిచ్చేవాడొకడు, సముద్రం మీద సెలవు గడిపేవాడొకడు!

తాబేళ్ళ మాట కూడా చెప్పాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన ఇసుకలో గుడ్లు పెడతాయి. యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు బయటికి వస్తాయి. చీకట్లో ఏ వైపు వెలుగు ఎక్కువుంటే అటే సముద్రమని వాటి పుట్టుక జ్ఞానం. నక్షత్రాల వెలుగు పడి మెరిసే నీటికోసం ఆ జ్ఞానం ఏర్పడింది; విల్లా దీపాల వరుసల కోసం కాదు. దీపాలవైపు పాకి పాకి, తెల్లవారి ఎండకు, కుక్కలకు బలైపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన స్థానంలో, ఉన్న జీవి ఇది.

ఇక దిబ్బలు. ఇసుక దిబ్బ సముద్రపు బ్యాంకు ఖాతా వంటిది. తుపానులో అల ఇసుకను తీసుకుంటుంది, ప్రశాంతంగా ఉన్నప్పుడు మళ్ళీ తెచ్చి వేస్తుంది. దిబ్బను చదును చేసి గోడ కడితే ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయి, గోడ ముందటి ఇసుక కొట్టుకుపోతుంది. గోడ పక్కవాడి ఒడ్డు ఇంకా త్వరగా పోతుంది. మన తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దక్షిణాన ఎవడో అడ్డుకడితే ఉత్తరానున్న ఊరు కరిగిపోతుంది. కాకినాడ పక్కన ఉప్పాడను చూసినవారికి సముద్రం ఊళ్ళను, రోడ్లను ఎలా మింగుతుందో చెప్పనక్కరలేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ, 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ చూసిన తరం మనది. హద్దు మనకోసం గీసినదని మనకంటె బాగా ఎవరికి తెలియాలి?

* * *

నాకు ఎదురయ్యే వాదాలు నాకు తెలుసు. బలమైన దానితోనే మొదలుపెడతాను.

"మన సముద్రం ప్రమాదకరం. ఒడ్డు నిటారుగా దిగిపోతుంది, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, విశాఖలోనూ బాపట్ల దగ్గరా ఏటా మునిగి చనిపోతున్నారు. పైగా ఆడవాళ్ళు తడిబట్టలతో ఒడ్డున నిలబడితే వందకళ్ళు వాళ్ళమీదే. నాలుగు గోడల మధ్య కొలనులోనైతే నా భార్య, నా కూతురు భయం లేకుండా, బెరుకు లేకుండా నీళ్ళలో ఆడుకుంటారు. ఆ ఒక్కరాత్రి స్వేచ్ఛను కూడా వద్దంటారా?"

ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారెయ్యను. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళలో మనసారా ఆడుకోవడమనేది ఎరగని ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో. ఆ కోరిక పవిత్రమైనది. కాని దానికి మందు ఏది? 2019 ప్రకటనలోనే పోటురేఖకు పది మీటర్ల అవతల స్నానాల గదులు, బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు తాత్కాలిక పద్ధతిలో కట్టుకోవడానికి వీలు కల్పించారు. చట్టం అనుమతించిన ఈ చవక సౌకర్యం ఊరూరా లేదెందుకు? ఈతగాళ్ళైన జాలరి యువకులను రక్షకులుగా జీతమిచ్చి ప్రతి స్నానఘట్టం దగ్గరా నిలపడం లేదెందుకు? డబ్బున్నవారు తమ ఇంటి ఆడవాళ్ళకు గోడ కొనుక్కోవడంతో, ఈ సౌకర్యాలు కావాలని అడిగే గొంతు బలం సగానికి సగం తగ్గిపోయింది. రాత్రికి ఇంత అని వెలకట్టిన స్వేచ్ఛ, మర్నాడు పదకొండింటికి ఖాళీ చెయ్యవలసిన స్వేచ్ఛే.

రెండోది ఉద్యోగాల వాదం. విడిది వస్తే పల్లెకు పని వస్తుందంటారు. వస్తుంది, కాదనను. గేటు దగ్గర, తోటలో, పక్కగుడ్డలు ఉతికేచోట వస్తుంది. పడవకు యజమానో, వలలో వాటాదారో అయినవాడు జీతగాడై, తన అక్కను తన దారిలోంచే మళ్ళించే పనికి కుదురుకుంటాడు. దీన్ని అభివృద్ధి అనేవారికి నాదొక్కటే మనవి: ఆ పని ఇస్తూనే దారి ఎందుకు వదలకూడదు? ఉద్యోగానికీ కంచెకూ ఏమిటి సంబంధం? పల్లెలోనే నాలుగిళ్ళవాళ్ళు శుభ్రమైన గదులు అద్దెకిచ్చి, తమ వంట పెట్టి, తమ పడవలో తిప్పితే ఆ రూపాయి ఎవరి గడపలో మిగులుతుందో లెక్క వేసుకోండి.

మూడోది, "ఇదంతా అసూయ." దీనికి జవాబు చెప్పడం దండగ. ఐనా చెబుతాను. నేను ఉన్న గదిలో పరుపు మెత్తగా ఉంది, భోజనం రుచిగా ఉంది. అయితే రాత్రంతా పంపు చప్పుడు, చల్లబరిచే యంత్రపు చప్పుడు కలిసి సముద్రపు హోరును కప్పేశాయి. గాజు తలుపు మూస్తే అలలు కదులుతున్నట్టు కనబడతాయి గాని వినబడవు. అసూయపడటానికి అక్కడ నాకేమీ దొరకలేదు.

* * *

ఇక మనలో మనం చెప్పుకోవలసింది. విడిది కట్టేవాడికి లాభం కావాలి, అతని సంగతి అర్థమవుతుంది. అధికారికి ఫైలు కదలాలి, అదీ అర్థమవుతుంది. పైసా ప్రతిఫలం లేకుండా, భాష మీద ఇష్టంతో రాసే మనం, ఆ నీలి కొలనును కవిత్వంతో అలంకరించి ఎవరి పని చేసిపెడుతున్నట్టు? యాత్రారచన అంటే చూసి రావడం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరాల్లో చెన్నపట్నం నుంచి కాశీదాకా పోయి వచ్చి రాసిన పుస్తకంలో దారిలో ఏ ఊళ్ళో ఏమి దొరుకుతుందో, నీటి వసతి ఎలా ఉందో, సత్రం ఎవరు నడుపుతున్నారో, జనం ఎలా బతుకుతున్నారో కనబడతాయి. తెలుగు యాత్రారచనకు ఆదిలోనే అంత చూపు ఉంది. రెండువందల ఏళ్ళకు మన చూపు కొలను అంచుదాకా వచ్చి ఆగిపోయింది.

వెళ్ళవద్దనను. వెళ్ళినవారు, రాయదలచినవారు మాత్రం నాలుగు సంగతులు అడిగి తెలుసుకుని రాయండి. ఈ కొలనులోని నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? పోటురేఖ ఎక్కడ, ఈ గోడ దానికి ఎన్ని మీటర్ల దూరం? ఊరివాళ్ళు ఒడ్డుకు పోయే ఇరవై మీటర్ల దారి ఏది? ఈ స్థలంలో ఇంతకుముందు ఏముండేది? వీటికి సరైన జవాబులిచ్చే విడిది ఉంటే దాన్ని పేరు పెట్టి మెచ్చుకోండి, నేనూ వచ్చి పడుకుంటాను. జవాబు చెప్పక నవ్వి తప్పించుకుంటే ఆ నవ్వును కూడా రాయండి. అలాగే మీ జిల్లా తీర మండల పటం ఎక్కడుందో కలెక్టరు కార్యాలయంలో అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, దరఖాస్తుకు పది రూపాయలు. ఒక రాత్రి విల్లాకు పెట్టే సొమ్ములో ఇది ఎన్నో వంతో లెక్కపెట్టనక్కరలేదు.

ఆంధ్రదేశపు తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పుడు చదువుకున్నాం. ఈ మధ్య కొత్త పద్ధతిలో కొలిచి 1,053 కిలోమీటర్లని తేల్చారు. కాగితం మీద తీరం పెరిగింది. అందులో గంప నెత్తిన పెట్టుకున్న మనిషి ఎవరి అనుమతీ అడగకుండా నీటిదాకా నడిచి వెళ్ళగల తీరం ఎంతన్నది మాత్రం ఎవరూ కొలవలేదు. ఆ కొలత మనం మొదలుపెట్టవచ్చు, ఎవరి ఊరి తీరం వాళ్ళు.